ఒక్క చెవి ఫోటో

తెలంగాణ వచ్చిన మూడో ఏడు, మాఘమాసంలో ఒక సోమవారం పొద్దున ఈదమ్మ భర్త ఫోటో తయారు చేసే పని నాకు పడింది. అందులో ఒకే ఒక్క చిక్కు ఉంది. ఆయన బతికుండగా ఎన్నడూ ఫోటో దిగలేదు. పోయి నలభై ఏళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు దిగమని అడిగే వీలు కూడా లేదు.

అప్పటికి నేను స్టూడియోలో పాతికేళ్ల సర్వీసు పూర్తి చేశాను. స్టూడియో మాదే కాబట్టి నన్ను బదిలీ చేసేవాళ్లు ఎవరూ లేరు. నార్కట్‌పల్లి దాటి కొంత లోపలికి వచ్చాక బస్సులు ఆగే చోట రెండు గదులు: ముందు గదిలో కౌంటరూ, ఫ్రేములూ, వెనక గదిలో నీలం తెరా, రెండు గొడుగు లైట్లూ. నల్లగొండలో బి.ఎస్సీ. చదివి, కాంతి వక్రీభవనం మీద మంచి మార్కులే తెచ్చుకుని, ఆ విద్యనంతా నుదుటి మీద చెమట తుడుచుకొమ్మని జనానికి చెప్పడంలో వినియోగించాను.

మా సంస్థలో హోదాలు మూడు. మా బాపు, అంటే నాన్న, వ్యవస్థాపకుడు. బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో మొదలుపెట్టి, ఎనభై దాటినా కౌంటరు పక్క కుర్చీలో కూర్చుని వచ్చిన ప్రతి ఫోటోనూ తనిఖీ చేసేవాడు. నేను ఫోటోగ్రాఫర్ని. నా భార్య సువర్ణ ఎడిటర్, అంటే కంప్యూటర్ ముందు కూర్చునేది. బోర్డు మీద పేరు నాది. పని ఆమెది.

బాపుకు వృత్తిలో ఒకే సూత్రం ఉండేది: "రెండు చెవులు కనబడాలె." పాస్‌పోర్టు సైజు కానీ, పెళ్లి ఫోటో కానీ, గోడకు వేలాడే నిలువెత్తు పటం కానీ, మనిషి సూటిగా చూడాలి, రెండు చెవులూ సమానంగా రావాలి. ఒక చెవి తక్కువైతే ఆ మనిషిలో ఏదో దాపరికం ఉన్నట్టు ఆయన లెక్క. మా ప్రాంతంలో ఈ సూత్రం పాటించడం అంత తేలిక కాదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మెడలు బిగుసుకుపోయినవాళ్లు ఊరికి పదిమంది ఉండేవారు. వాళ్ల మెడ తిరగదు కాబట్టి మేమే స్టాండు పట్టుకుని చుట్టూ తిరిగి, రెండు చెవులూ దొరికిన చోట ఆగేవాళ్లం.

మాకు పేరు తెచ్చిన పని మాత్రం కెమెరాతో చేసేది కాదు. దాన్ని 'జోడింపు' అంటారు. పల్లెల్లో భార్యాభర్తలు కలిసి ఫోటో దిగకుండానే జీవితాలు గడిచిపోయేవి. ఇద్దరిలో ఒకరు పోయాక పిల్లలకు జంట ఫోటో కావాలనిపిస్తుంది. అమ్మది ఆధార్ కార్డు మీద నుంచి, నాయినది ఓటరు కార్డు మీద నుంచి తీసుకుని, ముఖాలు శుభ్రం చేసి, మా దగ్గర సిద్ధంగా ఉండే 'బాడీ'ల మీద పెట్టేవాళ్లం. మగవాళ్లకు సూటు, లేదా తెల్ల చొక్కా, పంచె. ఆడవాళ్లకు పట్టుచీర, కాసులపేరు. జీవితంలో చొక్కా గుండీలు పూర్తిగా పెట్టుకోని రైతులను టై కట్టి గోడలెక్కించిన ఘనత మా స్టూడియోది. వద్దన్న కుటుంబం ఒక్కటీ లేదు.

ఈదమ్మ ఆ పేరు వినే వచ్చింది. డెబ్బై ఏళ్ల వయసు, పొట్టి మనిషి. వెంట పెద్దకొడుకు లింగయ్య, మరిది సత్తయ్య. లింగయ్య కూతురి పెళ్లికి పన్నెండు రోజులు ఉంది. పెళ్లికూతుర్ని చేసే రోజు ఇంటి పెద్దలకు కొత్త బట్టలు పెట్టి మొక్కడం వాళ్ల ఇంటి ఆచారం. ఫోటో ఉన్న పెద్దలకు ఫోటో ముందు పెడతారు. ఈదమ్మ భర్తకు ఫోటో లేదు కాబట్టి ఒక ఖాళీ పీట వేసి, దాని మీదే బట్టలు పెడుతూ వచ్చారు.

"లింగడి పెండ్లికి గట్లనే పెట్టినం. మంచిగనే జరిగింది," అంది ఈదమ్మ. "చిన్నోని పెండ్లికి పెట్టినం. నేను పసుపు తేను లోపటికి పోయొచ్చెసరికి పిల్ల దిక్కు చుట్టం ఒకడు పీట మీద కూసోని బువ్వ తింటుండు. బట్టలు పక్కకు వెట్టిండు. మంచిగ మడత వెట్టే వెట్టిండు. ఆనిదేం తప్పు? పీట అంటే కూసునేదే కదా. గిప్పుడు మనుమరాలి పెండ్లి. ఈసారి నా ఇంట్ల ఆయన జాగల ఎవ్వడు కూసోవద్దు. ఫోటో చెయ్యి కొడుకా."

పటం లేని మనిషిని మేమెట్లా చేస్తామని నేను అడిగాను. సత్తయ్య అందుకున్నాడు. తన అన్న అచ్చు తనలాగే ఉండేవాడట, కాకపోతే ఇంత అందగాడు కాదట. తన ముఖం తీసుకుని కొంచెం తగ్గిస్తే సరిపోతుందని సలహా ఇచ్చాడు. ఈదమ్మ ఆయన వైపు తిరగకుండానే, "నీ మొకం సూసుకునేది అద్దంల గాదు, సీకట్ల," అంది.

పని ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే నార్కట్‌పల్లిలో కొత్తగా వచ్చిన డిజిటల్ స్టూడియోకు పోతారు, వాళ్లు గంటలో ఎవరో ఒకరిని చేసి ఇచ్చేస్తారు. ఆ మాట అప్పుడు బయటికి అనలేదు, మా పనిలో నాణ్యత గురించి ఏదో అన్నాను.

పద్ధతి ప్రకారం మొదలుపెట్టాం. పటం లేనప్పుడు రక్తసంబంధీకుల ముఖాల నుంచి ఒక్కొక్క భాగం తీసుకోవాలి. దానికి ముందు బాగా తెలిసిన మనిషిని కూర్చోబెట్టి కన్ను, ముక్కు, నోరు, గడ్డం వరుసగా అడిగి రాసుకోవాలి. సువర్ణ నోటుపుస్తకం పట్టుకుని ఈదమ్మ ఎదుట కూర్చుంది. కళ్లు ఎట్లుండె అంటే, "మంచిగుండె." ముక్కు? "ముక్కోలెనే ఉండె." నోరు? "తినెటోడు." సువర్ణ అవన్నీ రాసుకుంది. మధ్యమధ్యలో ఈదమ్మ అడగనివి చెప్పేది, అవి కూడా రాసుకుంది. అదే తర్వాత మమ్మల్ని గట్టెక్కించింది.

మొదటి ఫోటో బుధవారం తయారైంది. లింగయ్య నుదురు, చిన్నకొడుకు కళ్లు, సత్తయ్య ముక్కు, మా బాడీల్లో అన్నింటికంటే మంచి బూడిదరంగు సూటు. పోయేనాటికి ఆయనకు ముప్పై రెండేళ్లని చెప్పారు కాబట్టి అందరి ముడతలూ తీసేశాం. యాభైకి దగ్గరపడ్డ కొడుకు ముఖంలోంచి ముప్పై రెండేళ్ల తండ్రిని తీయడం వినడానికి ఎంత వింతగా ఉంటుందో చేయడానికి అంతకంటే వింతగా ఉంటుంది. ఈదమ్మ చాలాసేపు చూసి, "ఎవలు బిడ్డా ఈన? బ్యాంకు సారా?" అంది.

సూటు తీసి చొక్కా తొడిగాం. ముక్కు పెంచి, దవడ తగ్గించి, మీసం పెట్టాం. శుక్రవారం మళ్లీ చూపించాం. ఈసారి అందరికంటే ముందు సత్తయ్య సంతోషపడ్డాడు. "నేన్ జెప్పలే? అచ్చు నేనే!" అన్నాడు. ఆ మాటతో పని చెడింది. ఈదమ్మ కుర్చీలోంచి లేచి, "ఔ, నువ్వే. నీ మొకం ముందల కొత్త బట్టలు వెట్టి నేను మొక్కాల్నా? ఊరు నవ్వదా?" అంది. సత్తయ్య పళ్లు బయటపెట్టి, తనకు కూడా కొత్త బట్టలు వస్తే అభ్యంతరం లేదన్నాడు. ఆ రోజు మా స్టూడియోలో ఒక మరిది చీవాట్లు తిన్నాడు, నా వృత్తిగౌరవం కొంత దెబ్బతిన్నది. ఆయన చీవాట్లకు అలవాటుపడ్డ మనిషి.

పెళ్లికి వారం మిగిలింది. లింగయ్య నన్ను పక్కకు పిలిచి, "అన్నా, ఏదో ఒకటి ఇచ్చెయ్యి. నాకు నాయిన మొకం యాదికి లేదు, చిన్నోనికి అసల్కే తెల్వదు. ఎట్లున్నా మేం కాదనం," అన్నాడు. న్యాయమైన మాటే. ఆ ముఖం తెలిసిన మనుషులు భూమ్మీద ఇద్దరే. ఒకాయనకు అది తన ముఖంగా కనిపిస్తోంది. ఇంకొకామెకు మేము చూపించినదేదీ అది కాదు. ఎవరో ఒకరిని పటం కట్టిస్తే ఆ ఇంట్లో కాదనేవాళ్లు ఉండరు, ఈదమ్మ ఒక్కతే ప్రతి పండుగకూ పరాయి మగవాడికి మొక్కుతూ ఉంటుంది. పీట మీద కూర్చున్న చుట్టమైనా బువ్వ తిని లేచిపోయాడు. మేము కూర్చోబెట్టేవాడు గోడ మీదే ఉండిపోతాడు.

మర్నాడు పొద్దున సువర్ణ నోటుపుస్తకం నా ముందు పెట్టింది. అడిగిన వాటికి వచ్చిన జవాబులు ఒక పక్క, అడగకుండా చెప్పినవి ఇంకో పక్క. మొదటి పక్క అంతా మంచిగుండె, ముక్కోలెనే ఉండె. రెండో పక్క చూస్తే: కుడి చెవికి పోగు, పోగు కింద చెవి తమ్మె కొంచెం సాగి ఉండేది. కావడి మోసి కుడి భుజం మొదట్లో కాయ కాసింది. నడిస్తే ఆ భుజమే కిందికి వంగేది. తలకు రుమాలు చుడితే కొస ఎడమ దిక్కు వేలాడేది. గొంగడి మడిచి ఎడమ భుజం మీద వేసేవాడు. మెడ మీద వెంట్రుకలు రెండు పాయలుగా దిగేవి.

"ఈమెకు ఆయన ఎంత తెలుసో చూడండి," అంది సువర్ణ. "మనం అడిగే దిక్కే తప్పు."

ఈదమ్మను మళ్లీ పిలిపించి ఈసారి వేరే ప్రశ్న అడిగాం. ఆయన్ను ఎక్కువగా ఎక్కడి నుంచి చూసేదానివి అని. ఆమెకు అది తెలివితక్కువ ప్రశ్నగా తోచినట్టుంది.

"ఎక్కడికెళ్లి సూస్తరు? ఎన్కకెళ్లి. ఇంట్ల అత్తమామల ముందల మొగని మొకం సూస్తే సిగ్గులేనిదంటుండె. పొద్దు పొడువకముందే బాయి కాడికి పోతుండె, ఎన్క సద్ది వట్టుకోని నేను. గట్టు మీది దేవుని జాతరకు పోతే నాలుగడుగులు ముందల ఆయన, ఎన్క నేను. ఆయన మొకం ముందటికి, నా మొకం కిందికి. తొమ్మిదేండ్లు గట్లనే నడిచినం. గిదంత ముందే అడగరాదు?"

అడగలేదు. పాతికేళ్ల సర్వీసులో ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. మా దృష్టిలో మనిషి అంటే ముందు వైపే.

బాపు కుర్చీలోంచి అంతా విన్నాడు. వెనక నుంచి తీస్తే దాన్ని ఫోటో అనరనీ, తన స్టూడియో నుంచి వీపు పటాలు పోతే జనం తనను ఏమనుకుంటారనీ ప్రశ్నించాడు. అది మంచి ప్రశ్న. నేను కెమెరా సంచి తీసుకుని బయటపడ్డాను.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు వాళ్ల ఊరి బండ్లబాట మీద షూటింగ్ పెట్టుకున్నాం. ఆ వేళకు ఎండ పక్క నుంచి వాలి పడుతుంది, గొంగడి ఉన్నిపోగులు కూడా కనిపిస్తాయి. యాభై లెన్సు పెట్టాను. మామూలు కంటికి ఎంత కనిపిస్తుందో అంతే చూపించే లెన్సు అది. స్టాండు ఎత్తు విషయంలో ఎప్పటిలా నా కంటికి సరిపెట్టుకోలేదు. ఈదమ్మను నిలబెట్టి, ఆమె కళ్ల దగ్గరికి లెన్సు దించాను. లింగయ్య పంచె కట్టి, రుమాలు చుట్టి, గొర్ల కాపరుల ఇంట్లో అడిగి తెచ్చిన గొంగడి భుజాన వేసుకుని నాలుగడుగుల ముందు నిలబడ్డాడు.

"అన్నా, పెండ్లి వెట్టుకోని గీ బాట మీద గీ ఏషమేంది? ఎవలన్న సూస్తే ఏమంటరు?" అన్నాడు. ఎవరైనా చూసినా వీపే కదా చూసేది, గుర్తుపట్టరని ధైర్యం చెప్పాను.

నడవమంటే నడిచాడు. వృత్తిలో నేను తెలుసుకున్న సత్యాల్లో ఇది ఒకటి: మామూలుగా నడవమని చెబితే ఏ మనిషీ మామూలుగా నడవడు. లింగయ్య పరేడ్‌కు పోయే పోలీసులా చేతులు ఊపుకుంటూ పోయాడు. ఆరుసార్లు వెనక్కి పిలిచాను. ఆరుసార్లూ అదే పరేడ్. ఏడోసారి అతను బయలుదేరగానే, నా పక్కన నిలబడ్డ ఈదమ్మ, బహుశా విసుగు పుట్టి, పిలిచింది.

"ఇగో!"

మా వైపు ఆ తరం ఆడవాళ్లు భర్త పేరు పలకరు. పిలవాలంటే ఇగో అంటారు, లేకపోతే గాజులు చప్పుడు చేస్తారు. కొడుకును ఆమె 'లింగా' అని తప్ప ఇంకోలా పిలవదు. ఆ పిలుపు ఎవరికో లింగయ్యకు అర్థం కాలేదు, కానీ పిలిచింది తల్లి గొంతు. అడుగు సగంలో ఉండగానే భుజం దిగింది, తల కొద్దిగా కుడికి తిరిగింది. పూర్తిగా కాదు. ఒక చెవి, చెంప అంచు వరకే. "జర మెల్లగ పోరాదు," అంది ఈదమ్మ, నేల చూస్తూ. నేను నొక్కాను. అదొక్కటే పనికొచ్చింది. మిగతావి ఇప్పటికీ మా డిస్కులో ఉన్నాయి, పోలీసు ఎంపికలకు ఉపయోగపడతాయి.

మిగతా పని సువర్ణది. లింగయ్య నడుం వంపు తీసింది, ఎందుకంటే తండ్రి ఆ వంపు వచ్చే వయసుదాకా బతకలేదు. మెడ మీద తెల్ల వెంట్రుకలు నల్లగా చేసి రెండు పాయలుగా దింపింది. చెవికి పోగు పెట్టి తమ్మె సాగదీసింది. నడుం దగ్గర ఉబ్బెత్తుగా ఉన్న సెల్‌ఫోన్‌ను మాయం చేసింది. మంగళవారం మధ్యాహ్నం ఈదమ్మను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాం.

ఆమె ఒక్కసారి చూసింది. చెయ్యి పైకి పోయింది. జారిపోయి ఉన్న కొంగును తల మీదికి లాక్కుని, నుదుటిదాకా దించుకుంది. అప్పటిదాకా వారం రోజులుగా మా స్టూడియోలో ఆమె కొంగు భుజం మీదే ఉండేది. నేను, బాపు, సత్తయ్య, బస్సు కోసం వచ్చి నిలబడ్డ నలుగురు మగవాళ్లు, ఎవరి కోసమూ అది లేవలేదు.

కాసేపయ్యాక, తెర మీదికి సూటిగా చూడకుండానే, దిద్దుబాట్లు చెప్పింది. రుమాలు కొస ఇంకా బెత్తెడు కిందికి. గొంగడి అంచు నల్లగా కాదు, ఎర్రగా. చెప్పులు కిర్రుచెప్పులు, తోలు పట్టా అడ్డంగా ఉండాలి. సువర్ణ ఒక్కొక్కటీ చేసింది. మూడోది అయ్యాక ఈదమ్మ, "సాలు బిడ్డా. ఇగ ముట్టకు," అంది.

సత్తయ్య అభ్యంతరం చెప్పాడు. ఆయన అభ్యంతరాలు రెండు. ఒకటి, ఇందులో తన పోలిక ఎక్కడా లేదు. రెండు, "వదినె, వీపుకు దండ ఎట్లేస్తరు? మా అన్న అలిగి పోతున్నట్టున్నడు."

"నువ్వు జేసే పనులకు అలగడా?" అంది ఈదమ్మ. "దండ ఏసేది పటానికి. పటానికి వీపు లేదు."

ఫ్రేము కట్టాక బాపుకు చూపించడం తప్పనిసరి. కళ్లద్దాలు తుడుచుకుని, పటాన్ని వెలుగుకు పెట్టి, చాలాసేపు చూశాడు. "ఒక్క చెవే వచ్చింది," అన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఇంకొంచెంసేపు చూసి, "లైటు మంచిగుంది," అని కుర్చీలో వెనక్కి వాలాడు. పాతికేళ్లలో ఆయన నా ఫోటో గురించి అన్న మంచిమాట అదొక్కటే కాబట్టి తేదీ కూడా రాసిపెట్టుకున్నాను.

పెళ్లికూతుర్ని చేసే రోజు కెమెరా పని కూడా మాదే కాబట్టి అక్కడే ఉన్నాను. నడింట్లో పీట వేశారు. పీట మీద పటం, పటం ముందు కొత్త పంచె, తువ్వాల. దండ పటానికి బాగానే కుదిరింది. మనవరాలు వచ్చి మొక్కింది. అప్పుడు పిల్లగాడి తరఫున వచ్చిన ఒక పెద్దమనిషి పీటకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఇటు చూసి, అటు చూసి, మర్యాదగానే అడిగాడు.

"ఏందమ్మా, పెద్దాయన గట్ల తిరిగిండు? ఎటు వోతుండు?"

లింగయ్య తల దించుకున్నాడు. సత్తయ్య ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. ఈదమ్మ కొంగు సర్దుకుంది.

"జాతరకు పోతుండు," అంది. "తొవ్వకు అడ్డం నిలవడకయ్యా, జర జరుగు."

ఆయన జరిగాడు. పక్కకు కాదు, ఏకంగా గడప దాకా జరిగాడు. పెళ్లి పనులు అయ్యేదాకా ఆ పీట ముందు జాగా ఖాళీగానే ఉంది. వచ్చినవాళ్లందరూ అక్కడికి రాగానే పక్కకు తప్పుకుని పోయారు. ఎందుకో అడిగినవాళ్లు లేరు.

ఈ పని వల్ల మా స్టూడియో పద్ధతిలో ఒక మార్పు వచ్చింది. జోడింపు ఆర్డరు రాసుకునే పుస్తకంలో పేరు, ఊరు, సైజు, ఫ్రేము, బాడీ అని గడులుండేవి. సువర్ణ స్కేలు పెట్టి ఇంకో గడి గీసింది: 'ఎక్కడి నుంచి చూసేవారు?' చాలామంది ఎదుటి నుంచి అనే చెబుతారు, వాళ్లకు రెండు చెవులతోనే ఇస్తాం. కొందరు ఒక నిమిషం ఆగి చెబుతారు. మోపెడ్ వెనక సీటు నుంచి. కుట్టుమిషన్ పక్క నుంచి. వంటింటి కిటికీలోంచి. వాళ్ల పని ఒకటి రెండు రోజులు ఎక్కువ పడుతుంది, కానీ తిరిగి రాదు.

ఇప్పుడు స్టూడియో మా అమ్మాయి నడుపుతోంది. పుస్తకం పోయి కంప్యూటర్ వచ్చింది, డ్రోన్ వచ్చింది. నేను బాపు కుర్చీలో కూర్చుని వచ్చిన ప్రతి ఫోటోలో చెవులు లెక్కపెడుతుంటాను. ఒక్కటే ఉంటే ఏమీ అనను. ఆ గడిలో ఏం రాసి ఉందో ముందు చూస్తాను.